గంగాభవాని పగటి నిద్ర

మా ఇంట్లో మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో నేను మొన్నటి వేసవిలోనే చూశాను. అంతకు ముందు చూసే వీలే ఉండేది కాదు. తెల్లవారుజామున బోటెక్కితే ఒక్కోసారి మర్నాటి పొద్దున దాకా సముద్రం మీదే. ఇంటికొచ్చి ఇంత తిని వాలిపోతే ముక్కు మీద ఈగ వాలినా తెలిసేది కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు సర్కారు వేట ఆపేస్తుంది కదా, ఆ రెండు నెలలూ ఏటా నేను రొయ్యల గుంటల మీద పనికి పోయేవాణ్ణి. మొన్న మాత్రం వలలన్నీ ఒక్కసారే పాడయ్యాయి. వాటిని బాగు చేసుకుంటూ ఇంటిపట్టున ఉండిపోయాను.

మాది వాకాడు పక్కన పల్లె. ముందు సముద్రం, ఇళ్ళ వెనక కాలువ. వేట ఆగిన వారానికల్లా మగాళ్ళందరం అరుగుల మీదికి చేరాం. ఇల్లు ఊడ్చుకునేదానికి సందు లేకుండా పోయిందని మా అమ్మ మస్తానమ్మ రోజూ చీపురుతో సహా వచ్చి చెప్పి పోయేది. మా ఇంట్లో ఉండేది నలుగురమే. నేను, నా భార్య దుర్గ, మా అమ్మ, రెండేళ్ళు దాటిన మా కూతురు. ఆ పిల్ల పేరు గంగాభవాని. గంగమ్మకి మొక్కుకుని మా అమ్మ పెట్టిన పేరు. పిల్లకంటే పేరే పొడుగని దుర్గ నవ్వుతుంది. నాకు చిన్నపోలయ్య అని మా తాత పేరు పెట్టినప్పుడు ఎవరూ నవ్వలేదు, నేనూ పెద్ద పొడుగేం లేను.

గంగ అప్పటిదాకా చీర ఉయ్యాల్లో పడుకునేది. శ్లాబు కొక్కేనికి మా అమ్మ పాత నేత చీర వేలాడదీసి కట్టిన ఉయ్యాల అది. మధ్యాహ్నం అన్నం తినిపించి అందులో వేసి నాలుగు ఊపులు ఊపితే నిద్రపోయేది. పోగానే దుర్గ పనిలో వేసుకునే నీలం కోటు చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచేది. రొయ్యపిల్లల హేచరీ వాళ్ళ వ్యాను ఒంటిగంటకి రోడ్డు మొదట్లోకి వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. రొయ్యపిల్లల్ని నీళ్ళ సంచుల్లో నింపి, గాలి పట్టి, మూతి కట్టి పంపడం దుర్గ పని. గంగకి ఏడాది నిండినప్పటి నుంచి చేస్తోంది. మా ఊళ్ళో ఆమె పోలయ్య పెళ్ళాం, లేకపోతే గంగ వాళ్ళమ్మ. అక్కడ సూపర్వైజరు దుర్గ గారూ అని పిలుస్తాడట. ఆ మాట నాకు చెప్పిన రోజు ఆమె మొహంలో వెలుగు నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

నిషేధం మొదలైన తొలి వారంలోనే ఒకనాడు గంగ ఉయ్యాల్లో లేచి నిలబడింది. నేను అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్నాను. దబ్బున చప్పుడైంది. పోయి చూస్తే పిల్ల నేల మీద బోర్లా పడుంది, పెదవి చిట్లి నోరంతా రక్తం. మా అమ్మ పక్క చాప మీదే ఉంది. ఆమెకి మధ్యాహ్నం కన్ను మూతపడితే ఊరు తగలబడ్డా తెలియదు. పిల్లని ఎత్తుకుని వాకాడు ఆస్పత్రికి పరిగెత్తాను. కుట్టు పడలేదు కానీ డాక్టరమ్మ నన్ను బాగానే చీవాట్లు పెట్టింది. ఇంత పిల్లకి ఇంకా ఉయ్యాలేమిటి, నేల మీద పడుకోబెట్టండి అంది. ఆ సాయంత్రమే మా అమ్మ ఉయ్యాల విప్పేసింది. పిల్ల పడిన ఉయ్యాల మళ్ళీ కట్టకూడదంట.

ఆ మర్నాటి నుంచి మొదలైంది మా బాధ. చాప మీద పడుకోబెడితే గంగ లేచి కూర్చునేది. కూర్చోబెడితే నిలబడేది. దుర్గ పక్కన పడుకుని జోకొడుతూ ఉంటే కళ్ళు ఎర్రగా చేసుకుని ఆమె మొహంలోకే చూసేది. ఒంటిగంట దగ్గర పడేకొద్దీ దుర్గకి చెమటలు. రెండుసార్లు వ్యాను తప్పిపోయింది. మూడోసారి తప్పితే ఇంట్లోనే ఉండమన్నారని చెప్పింది. పిల్లని చూసేదానికి మేమిద్దరం ఉన్నాం కదా, నిద్రపోకపోతే ఏం, నువ్వు పో అన్నాను నేను. అప్పుడు మా అమ్మ చేతిలో చాట కింద పెట్టి మా ఇద్దరినీ చూసింది.

"ఇప్పుడు నువ్వుండావు. జూన్‌లో వేటకి పోతావు గదా, అప్పుడు? నాకు మధ్యానం ఒక్క కునుకు లేకుంటే తల తిరుగుతాది. మోకాళ్ళు వంగవు. ఇది ఒక్క ఉరుకు ఉరికిందంటే కాలవ గట్టు మీద ఉంటాది. ఇది పడుకుంటేనే దుర్గ పనికి పొయ్యేది. లేకుంటే మానుకోవాల్సిందే, నేను చెప్తుండా."

ఆమె మాటలో తప్పేం లేదు. అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండితే గానీ చేర్చుకోరు. దుర్గ గోడ మేకుకి తగిలించిన నీలం కోటు తీసి మడిచింది, మళ్ళీ విప్పి మడిచింది. వేట తెరిచేలోపల దీన్ని నిద్రపుచ్చడం నేర్చుకుంటాను, అది నా పని అన్నాను. అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే నవ్వారు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అరుదు కాబట్టి నేను కోప్పడలేదు.

నిద్ర అనేది ఎట్లా వస్తుంది? అప్పటిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. అది నా మీద పడేది, నేను పడిపోయేవాణ్ణి, అంతే. ఇప్పుడు ఇంకొకరికి తెప్పించాలంటే దాని రాకపోకలేమిటో తెలియాలి కదా. అడిగిన వాళ్ళంతా తలా ఒకటి చెప్పారు. కడుపు నిండా పెరుగన్నం పెట్టమన్నారు. పెట్టాను, కక్కింది. ఎండలో ఉక్కపోతకి నిద్ర పట్టదు, కిటికీకి తడి గోనె కట్టమన్నారు. కట్టాను, ఆ గోనె మీద నీళ్ళు చల్లడం దానికి కొత్త ఆట అయింది. కాళ్ళ మీద వేసుకుని ఊపితే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. పాట పాడదామంటే నాకొచ్చింది వల లాగేటప్పుడు పాడే పాటొక్కటే. అది విని పిల్ల లేచి నా లుంగీ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. సరుగుడు తోపంతా నడిపించి తెచ్చాను. సగం దారిలో నేనే ఎత్తుకోవలసి వచ్చింది, ఇంటికి చేరేసరికి అది నా భుజం మీద హుషారుగా ఉంది.

మా బోటులో నాతో వచ్చే కామాక్షయ్య మామ ఇదంతా విని, లోపం ఎక్కడుందో తనకి తెలుసన్నాడు. మనం ఊగే జాతి, ఊపు లేకపోతే మన పిల్లలకి నిద్రెట్లా వస్తుందన్నాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురం బోటు దగ్గరికి పోయాం. ఒడ్డున ఇసకలో సరుగుడు దుంగల మీద ఉంది బోటు. పైన తాటాకులు కప్పి, లోపల వల పరిచి, మెత్తగా చేసి గంగని పడుకోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. మామ బయటి నుంచి భుజం ఆనించి బోటుని ఊపాడు. కాసేపటికి ఆయన నడుం పట్టేసింది. ఆయన కూడా ఎక్కి కూర్చున్నాడు. చల్లటి గాలి వస్తోంది.

కళ్ళు తెరిచేసరికి నీడ పక్కకి జరిగిపోయి ఎండ నా కాళ్ళ మీద ఉంది. మామ గురక పెడుతున్నాడు. పక్కన గంగ కనబడలేదు. తల తిప్పి చూస్తే నా తల దగ్గరే ఉంది. రెండు చేతులతో నా చొక్కా కాలరు పట్టుకుని, చెమటలు కారుతూ, కళ్ళు వాలిపోతుంటే తల విదిలించుకుంటూ కూర్చుని ఉంది. పక్కనే వలని తేల్చే బెండ్లు కుప్పగా ఉన్నాయి, మామూలుగా వాటి కోసం ఏడ్చే పిల్ల అప్పుడు వాటిని ముట్టుకోలేదు. బోటు దిగిపోయే ప్రయత్నమూ చేయలేదు. మేం నిద్రపోయినంతసేపూ అది మాకు కాపలా కాసినట్టుంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, చెబితే దుర్గ నన్ను బతకనిచ్చేది కాదు.

కానీ ఆ కూర్చున్న తీరు నాకు మనసులో పడిపోయింది. నిద్ర రాక కాదే ఇది, నిద్రని తోసేస్తోంది. ఎందుకు? అప్పటి నుంచి దాన్ని నిద్రపుచ్చడం మానేసి, దాన్ని చూడడం మొదలుపెట్టాను. సముద్రం మీద కూడా ముందు నీళ్ళని చూస్తాం, తర్వాతే వల వేస్తాం. పిల్లని మాత్రం చూడకుండానే వారాలు గడిపాను. చూస్తే చాలా కనబడింది. మధ్యాహ్నం అన్నం తినగానే అది పోయి దుర్గ చెప్పులు తెచ్చుకుని చాప కింద పెట్టేది. తలుపు వైపే తల పెట్టి పడుకునేది. ఇక సాయంత్రం దుర్గ వ్యాను దిగి ఇంట్లోకి వచ్చి, నేనూ మా అమ్మా అన్నాలకి కూర్చున్నామా, గంగ తల కంచంలోకి వాలిపోయేది. అందరం ఇంట్లో ఉన్నాక దానికి నిద్ర పిలవకుండానే వచ్చేది. ఆ వేళప్పుడు నిద్రపోయిన పిల్ల రాత్రంతా మమ్మల్ని ఆడించేది, అది వేరే సంగతి.

ఒక మధ్యాహ్నం నేను చాప మీద దాని పక్కన పడుకుని నిద్ర నటించాను. దుర్గకి ఆ రోజు సెలవు, కాలువ దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. మా అమ్మ నిజంగానే నిద్రపోతోంది. కాసేపు గంగ కదల్లేదు. తర్వాత నా మొహం మీద దాని ఊపిరి తగిలింది. చిన్న వేలొకటి నా కంటి రెప్ప పట్టుకుని పైకి ఎత్తింది.

"నానా, ఉండావా?" అంది.

ఉండానమ్మా అన్నాను. చెయ్యి తీసేసింది. ఇంకాసేపటికి మళ్ళీ రెప్ప ఎత్తి అదే మాట అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పాను. అట్లా ఎన్నిసార్లు అడిగిందో. దాని గొంతులో ఏడుపు లేదు, మారాం లేదు. పెద్దవాళ్ళు తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటారే, అట్లా అడిగింది.

దుర్గ గుడ్డలు ఆరేస్తుంటే పోయి చెప్పాను. చేతిలో తడి చీర అట్లాగే పట్టుకుని విన్నది. మన ఇంట్లో అందరమూ అది నిద్రపోయాకే పోతాం కదా అన్నాను. నువ్వు పోయేదీ అది నిద్రలో ఉన్నప్పుడే, నేను వేటకి పోయేదీ అప్పుడే. అది కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఇంట్లో ఒక మనిషి తగ్గిపోతున్నారు. ఉయ్యాల్లో ఉన్నంతకాలం చీర అడ్డమయ్యేది, ఊపుకి నిద్ర ఆగేది కాదు. ఇప్పుడు తలుపు కనబడుతోంది, కాపలా కాస్తోంది.

దుర్గ ఆ చీరని తీగ మీద వేసి, దాని అంచు సరిచేసింది.

"నేను దొంగ మాదిరి చెప్పులు చేతబట్టుకుని పోతుండా గదా," అంది. "అది చూసినట్టుంది ఎప్పుడో."

చెప్పకుండా జారుకోవడం దుర్గకి నేర్పింది మా అమ్మే. మా అమ్మకి వాళ్ళత్త నేర్పింది. మా వాళ్ళలో వేటకి పోయేవాడు ఇంట్లో చెప్పి పోడు. యాడికి పోతుండావని ఎవరూ అడగకూడదు, ఎప్పుడొస్తావని అసలే అడగకూడదు. పిల్లలు ఏడ్చి వెనక్కి పిలిస్తే ఆ రోజు బోటు దించకుండా ఉండిపోయిన వాళ్ళున్నారు. అందుకే పిల్లలు నిద్రలో ఉండగానే మగాడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోవాలి. నీళ్ళ మీదికి పోయేవాడి కోసం పెట్టుకున్న ఈ అలవాటుని మా అమ్మ వ్యాను ఎక్కే కోడలికి కూడా అంటగట్టింది. మాకెవరికీ అది వింతగా తోచలేదు.

మర్నాడు దుర్గ నిద్రపుచ్చలేదు. పన్నెండున్నరకి పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, అది చూస్తుండగానే కోటు వేసుకుంది. నేను పనికి పోతుండా, దీపం పెట్టే పొద్దుకి వస్తా అని చెప్పింది. గంగకి ఎంత అర్థమైందో గానీ, కోటు మాత్రం అర్థమైంది. దాన్ని పట్టుకుని పెట్టిన ఏడుపుకి నాలుగిళ్ళ వాళ్ళు వాకిట్లోకి వచ్చారు. కోటు గుండీ ఒకటి తెగిపోయింది. పిల్ల ఏడుస్తుంటే మనిషిని గడప దాటిస్తారా అని మా అమ్మ నా మీద లేచింది, ఆ రోజంతా నాకు అన్నం కూడా దుర్గ వచ్చాకే. దుర్గ వెనక్కి చూడకుండా పోయింది. వ్యానులో కూర్చుని ఏడ్చానని రాత్రి చెప్పింది.

ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నేను చేసింది తప్పేమోనని నాకూ దిగులు పట్టుకుంది. అయితే ఏడుపు కొంచెం కొంచెం పొట్టిదవుతున్నట్టు అనిపించేది. ఏడ్చి ఏడ్చి గంగ వాకిట్లో నా ఒళ్ళో కూర్చుని, దీపం పెట్టారా అని దాని భాషలో అడిగేది. ఇంకా లేదమ్మా అనేవాణ్ణి. సాయంత్రం మా అమ్మ దేవుడి గూట్లో దీపం వెలిగిస్తుంటే గుమ్మంలోకి పరిగెత్తేది. ఆ వేళకి దుర్గ వచ్చేది. పిల్ల ఆమెని చూసి ఎగిరేది కాదు, ఏదో లెక్క సరిపోయినట్టు చూసేది.

ఒకరోజు చీకటి ముసురుతున్నా దుర్గ రాలేదు. వ్యాను దారిలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. గంగ గుమ్మంలో నిలబడి ఒకసారి వీధిలోకి, ఒకసారి దేవుడి గూట్లోకి చూస్తోంది. మా అమ్మ రోజూ దీపం పెట్టే వేళ దాటిపోతోంది. ఎప్పుడూ నిమిషం ఆలస్యం చేయని మనిషి, అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. దీపం పెట్టవా అమ్మా అని అడిగాను.

"తొందరేముంది? దాని అమ్మ రానీ," అంది.

చీకట్లోనే కూర్చున్నాం ముగ్గురం. కరెంటు లైటు కూడా వేయనివ్వలేదు మా అమ్మ. పక్కింటి వాళ్ళు ఏమైందని పలకరించి పోయారు. దుర్గ ఆయాసపడుతూ వాకిట్లో కాలు పెట్టాకే అగ్గిపుల్ల గీసింది. గంగ దీపాన్ని చూసింది, వాళ్ళమ్మని చూసింది, అన్నం పెట్టమని అడిగింది. నేనేమో గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

ఆ తర్వాతి రోజో, ఆ పై రోజో సరిగా గుర్తులేదు, దుర్గ కోటు వేసుకుంటుంటే గంగ పెదవి వంకర పెట్టింది గానీ ఏడవలేదు. గుమ్మం దాకా పోయి చెయ్యి ఊపింది. ఆమె సందు మలుపు తిరిగి కనబడకుండా పోయాక వెనక్కి వచ్చి, చాప మీద ఎక్కి, నా పక్కన పడుకుంది. కాపలా కాయడానికి ఇంక ఏముంది, పోవలసిన మనిషి చెప్పే పోయింది. నా కంటి రెప్ప ఒక్కసారి ఎత్తి చూసింది. నేను ఉండాననగానే పక్కకి తిరిగింది. నిద్ర ఎట్లా వస్తుందో అప్పుడు చూశాను. ముందు కాలి వేళ్ళు ఆగాయి. తర్వాత నా చొక్కా పట్టుకున్న వేళ్ళు ఒకటొకటిగా వదులయ్యాయి. నోరు కొంచెం తెరుచుకుంది. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. అంత సంతోషం వల నిండినప్పుడు కూడా నాకు లేదు.

పల్లెలో బోట్లకి రంగులు వేయడం మొదలైంది. వేట తెరిచే రోజు దగ్గరపడింది. దుర్గ ఉద్యోగం నిలిచిందని అందరం అనుకుంటున్నాం, నాకొక్కడికే లోపల ఇంకో బెంగ. నేను తెల్లవారుజామున ఎప్పటిలాగే జారుకుంటే ఆ పిల్ల లేచి పక్కన వెతుక్కుంటుంది. రెండు నెలల కష్టం ఒక్క పొద్దులో గంగలో కలుస్తుంది. ఆ సాయంత్రం అరుగు మీద మా అమ్మ ఎండుచేపలు ఏరుతుంటే పక్కన కూర్చుని, ఈసారి పిల్లకి చెప్పి పోతానన్నాను.

ఆమె గయ్యిమంటుందనుకున్నాను, అట్లాగే అంది. హేచరీ నేల మీద ఉంది, సముద్రం నేల కాదంది. మా నాయన ముప్పై ఏళ్ళు వేట చేశాడు, ఒక్కనాడూ చెప్పలేదు, తాను ఒక్కనాడూ అడగలేదు, ప్రతిసారీ మనిషి తిరిగొచ్చాడు. చివరికి కామెర్లొచ్చి ఇంట్లో తన చేతుల్లోనే పోయాడు. ఇంతకంటే ఏం కావాలి అంది. కాసేపు చేపలు ఏరింది. తర్వాత నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"పెళ్ళయి వచ్చిన కొత్తల్లో ఒకనాడు లేచి చూస్తే పక్కన మనిషి లేడు. యాడికి పొయినాడని ఎవుర్నీ అడిగేదానికి లేదు. ఆ పొద్దు కాడ్నించి మీ నాయన లేచేది, నీళ్ళు తాగేది, తలుపేసేది, అంతా కళ్ళు మూసుకునే ఇన్నాను. నిద్రపోతుండాననుకునేవాడు పాపం. ఒక్కనాడూ నిద్రపోలా."

"నాయన తిరిగొచ్చేదాకానా?"

"వచ్చేదాకా."

"ఇప్పుడు పడుకుంటుండావు గదమ్మా?"

"ఇప్పుడు నువ్వు పోతుండావు గదా," అంది.

వేట నుంచి నేను ఏ పొద్దున ఇల్లు చేరినా మా అమ్మ వాకిట్లో నిలబడి ఉండేది. పెద్దతనం, తొందరగా మెలకువ వస్తుందనుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఒక్క కునుకు లేకపోతే తల తిరుగుతుందంటే ముసలితనం అనుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ, పిల్లకి నిద్రెందుకు రాదని ఊరంతా అడిగాను గానీ, ఈమెకి రాత్రిళ్ళు ఏమవుతుందో ఒక్కసారి అడగలేదు. ఆమె చాట తీసుకుని లోపలికి పోయింది. చెప్పి పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

వేట తెరిచిన రోజు తూరుపు తెల్లబడుతుండగా లేచాను. దుర్గ మూట కట్టి ఇచ్చింది. గంగ చాప మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. లేపాలని వంగాను, చెయ్యి పోలేదు. ఏడిస్తే? మా అమ్మ భయం నాకూ ఒంట్లో ఉన్నదే కదా, ఎంత మాట్లాడినా. లేపకుండా పోతేనో అనుకుంటూ అట్లాగే వంగి ఉండిపోయాను. వెనక నుంచి మా అమ్మ వచ్చి, నన్ను పక్కకి జరిపి, మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చుని, పిల్లని భుజాన వేసుకుని లేచింది. గడప దాకా తెచ్చి దాని వీపు తట్టింది.

"గంగా, లెయ్యి. మీ నాయన వేటకి పోతుండాడు, చూడు."

పిల్ల కళ్ళు నులుముకుంటూ నన్ను చూసింది. పోయొస్తా తల్లీ అన్నాను. దాని పెదవి వంకర పోయింది. మా అమ్మ దాన్ని ఇంకో భుజానికి మార్చుకుని, గొంతు సవరించుకుని, నన్ను అడిగింది.

"ఎప్పుడొస్తావురా?"

పదహారో ఏట నుంచి ఆ గడప దాటుతున్నాను. ఆ మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. రేపు పొద్దున ఎండ ముదిరేలోపల వస్తానమ్మా అన్నాను. రేపొస్తాడంట, ఎండ ముదిరేలోపల వస్తాడంట అని ఆమె పిల్లకి రెండుసార్లు చెప్పింది. నేను దిగి నడిచాను. గంగ ఏడుపు ఇసక దిబ్బ దాటేదాకా వినబడింది. ఒడ్డున కామాక్షయ్య మామ ఆ ఏడుపు విని తాడు పట్టుకుని ఆగిపోయాడు. మా పిల్లే మామా, చెప్పి వచ్చాను అన్నాను. ఆయన నా మొహం వైపూ, ఇంటి వైపూ మార్చి మార్చి చూశాడు, తర్వాత బోటుకి భుజం ఆనించాడు.

ఆ రాత్రి సముద్రం బాగానే ఉంది, వల ఒక మోస్తరుగా పడింది. ఇంకో వల వేద్దామన్నాడు మామ తెల్లారుతుండగా. వద్దన్నాను. టైము చెప్పి వచ్చినవాణ్ణి, నాకు ఇంటి మీదే ధ్యాస.

ఎండ ఇంకా ఎర్రగా ఉండగానే మా సందులోకి తిరిగాను. వాకిట్లో ఎవరూ లేరు. ఏమైందోనని గబగబా నడిచాను. తలుపు తోసి లోపలికి పోయాను. పొయ్యి దగ్గర నుంచి దుర్గ వేలు పెదవి మీద పెట్టుకుని నా వైపు వచ్చింది. చాప మీద గంగ మా అమ్మ పొట్ట మీద కాలేసి పడుంది. మా అమ్మ వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, సన్నగా గురక పెడుతోంది.

"లేపబాకు," అంది దుర్గ గుసగుసగా. "రాత్రి అన్నం తిని పండుకున్నోళ్ళు, ఇద్దరూ ఇంకా లెయ్యలా."